ఎండకు ఏ కళ్లద్దం ఆగుతుంది? గాజు, ఫైబర్, పాలీ, ట్రైవెక్స్, హై ఇండెక్స్‌లలో మీకు సరిపోయేది ఎంచుకోండిలా

కళ్లద్దాల షాపులో కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న "సన్నగా కావాలా, మామూలువి చాలా?" రెండోది "బ్లూ కట్ (నీలి కాంతిని తగ్గించేది) వేయమంటారా?" మీ కళ్లజోడు రోజులో ఎక్కడెక్కడ ఉంటుంది, కారు డ్యాష్‌బోర్డు మీదా, స్కూటీ డిక్కీలోనా, పొయ్యి ముందరా అని మాత్రం ఎవరూ అడగరు. మే నెలలో రామగుండం, రెంటచింతల వైపు నీడలోనే 45 డిగ్రీలు చూసే మనం ముందు తేల్చుకోవాల్సింది అదే. రెండు మూడేళ్లు రావాల్సిన అద్దాలు ఒక్క వేసవికే మసకబారాయంటే చాలాసార్లు తప్పు సైటుది కాదు, తుడిచే బట్టదీ కాదు. వేడికి కోటింగ్ పగిలింది.

## వేడి దేన్ని చెడగొడుతుంది, దేన్ని చెడగొట్టదు

ముందు ఒక భయం తీసేద్దాం. ఎండకు పవర్ మారిపోతుందని చాలామంది అనుకుంటారు. మారడం నిజమే గానీ అది లెక్కలోకి వచ్చేంత కాదు. ప్లాస్టిక్ లెన్సు ఇండెక్స్, అంటే కాంతిని వంచే గుణం (ఇది ఎక్కువైతే అదే పవర్‌కు అద్దం సన్నగా వస్తుంది), డిగ్రీ వేడి పెరిగితే సుమారు 0.0001 తగ్గుతుంది. 20 డిగ్రీలు పెరిగితే 0.002. మైనస్ 6 అద్దంలో దీనివల్ల వచ్చే తేడా 0.02 చుట్టుపక్కల. అద్దాలు తయారయ్యేదే 0.25 మెట్లలో కాబట్టి ఆ తేడా కంటికి ఆనదు. గాజులో ఇది ఇంకా తక్కువ.

లెన్సు పదార్థం కూడా మనం అనుకున్నంత సున్నితం కాదు. మామూలు ఫైబర్ లెన్సుకు రంగు వేసేటప్పుడు దాన్ని 90 డిగ్రీలు దాటిన రంగు నీళ్లలో నిమిషాల తరబడి ముంచి ఉంచుతారు. అయినా దాని ఆకారం చెదరదు, పవర్ మారదు. అంతటి వేడి తట్టుకున్న లెన్సే షాపు దాటి మీ చేతికొచ్చాక 65, 70 డిగ్రీలకు పాడవుతోందంటే, ఆ మధ్యలో దాని మీద చేరినదేదో పాడవుతోందన్న మాట.

చేరింది ఏఆర్ కోటింగ్. లైటు ప్రతిబింబం రాకుండా వేసే ఆ ఆకుపచ్చ లేదా నీలం ఛాయ పొరలు సిలికా, టైటానియం ఆక్సైడ్, జిర్కోనియా లాంటి వాటితో చేసినవి. అన్నీ కలిపినా మందం సాధారణంగా అర మైక్రాన్‌కు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు. గుణంలో ఇవి గాజు, పింగాణీ జాతివి. కింద ఉన్నది ప్లాస్టిక్. రెండింటికీ వేడిలో పొత్తు కుదరదు.

లెక్క చూడండి. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫైబర్ లెన్సు 25 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే సుమారు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. దాని మీదున్న సిలికా పొరను దాని మానాన వదిలేస్తే పెరిగేది 0.001 మిల్లీమీటరు. కింద ఉన్నది సాగుతుంటే పైన ఉన్నది సాగలేక తెగుతుంది. అలా ఏర్పడే సన్నటి గీతల అల్లిక ఎండిన చెరువు మట్టిలో వచ్చే నెర్రెలను పోలి ఉంటుంది. చల్లారాక లెన్సు తన కొలతకు తిరిగి వస్తుంది, నెర్రెలు మాత్రం పూడవు. గుడ్డతో తుడిస్తే పోవు, పాలిష్ చేస్తే పోవు. రాత్రిపూట ఎదుటి బండి హెడ్‌లైట్ పడినప్పుడు అద్దమంతా మంచు పట్టినట్టు చెదురుతుంది.

అదే లెక్కలో ఫ్రేము సంగతి కూడా ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు రిమ్ అదే వేడికి పెరిగేది 0.04 మిల్లీమీటరు లోపే. లెన్సేమో పావు మిల్లీమీటరు పెరుగుతోంది. బిగుతుగా కూర్చోబెట్టిన మెటల్ ఫ్రేములో ఆ పెరుగుదలకు చోటు ఉండదు. రిమ్ నాలుగు వైపుల నుంచీ నొక్కుతుంది, లెన్సు నడుమ భాగం రవ్వంత ఉబ్బుతుంది, అంచుల దగ్గర కోటింగ్ చిట్లుతుంది. ఒకే కంపెనీ లెన్సు ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఆరు నెలలు రావడానికి ఈ బిగింపు పెద్ద కారణం.

ఎంత వేడి అయితే ప్రమాదం? కోటింగ్ ఉన్న ప్లాస్టిక్ లెన్సును 60 డిగ్రీలు దాటనివ్వకపోవడం మంచి హద్దు. ఆ హద్దు దాటడానికి ఎండలో నిలిపిన కారు ఒక్కటి చాలు. అమెరికాలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు కలిసి 2018లో ప్రచురించిన కొలతల ప్రకారం, 38 డిగ్రీలకు పైబడిన రోజుల్లో గంటసేపు ఎండలో ఉన్న కార్లలో గాలి సగటున 47 డిగ్రీలకు చేరితే డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరింది. నీడలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు 48 దగ్గరే ఆగింది. మన వేసవి ఆ ఎండకు ఏమాత్రం తీసిపోదు.

## ఎంపికకు ఏవి చూడాలి

ముందుగా మీ కళ్లజోడు రోజూ తగిలే అత్యధిక వేడి. తర్వాత మీ పవర్. ఆ తర్వాత దెబ్బ తగిలే అవకాశం: పిల్లలా, బైకు మీద తిరిగేవారా, వర్క్‌షాపులో పనా. చివరగా బరువు, చూపు స్పష్టత. స్పష్టతకు అబ్బే విలువ అనే కొలత ఉంది. అది తగ్గేకొద్దీ అద్దం అంచుల్లోంచి చూసినప్పుడు అక్షరాల చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి. పవర్ 2, 3 లోపు ఉన్నవారికి ఇది పెద్దగా తెలియదు. 5 దాటినవారికి తెలుస్తుంది.

షాపుల్లో వరస తలకిందులుగా ఉంటుంది: ముందు సన్నదనం, తర్వాత ధర, చివరికి మిగతావి. ఆ వరసలో వెళ్తే వేడికి అన్నిటికన్నా సున్నితమైన లెన్సే అన్నిటికన్నా ఎక్కువ ధర పెట్టి కొనాల్సి వస్తుంది.

| లెన్సు | ఇండెక్స్ | అబ్బే విలువ | సాంద్రత (గ్రా./ఘ.సెం.మీ.) | వేడిలో బలం | వేడిలో బలహీనత |
|---|---|---|---|---|---|
| క్రౌన్ గాజు | 1.523 | 58 పైన | 2.54 | వ్యాకోచం అతి తక్కువ, కోటింగ్ గట్టిగా పట్టుకుంటుంది | వేడి మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు, నిప్పురవ్వలకు గుంటలు పడతాయి |
| సీఆర్-39 (మామూలు ఫైబర్) | 1.498 | 58 | 1.32 | కోటింగ్ లేకపోతే చాలా మొండిది | వ్యాకోచం బాగా ఎక్కువ, ఏఆర్ త్వరగా చిట్లుతుంది |
| పాలీకార్బొనేట్ | 1.586 | 30 | 1.20 | మెత్తబడేది 147 డిగ్రీల దగ్గర, దెబ్బకు పగలదు | అసిటోన్, థిన్నర్‌లకు అసలు ఆగదు |
| ట్రైవెక్స్ | 1.53 | 43 నుంచి 45 | 1.11 | లోపల ఒత్తిడి తక్కువ, రంధ్రాల దగ్గర చీలదు | ఎక్కువ పవర్‌లో మందం |
| 1.60 (ఎంఆర్-8) | 1.60 | 41 | 1.30 | ఆకారం సడలేది 118 దగ్గర | ఏఆర్‌కు మామూలు 60 డిగ్రీల హద్దే |
| 1.67 (ఎంఆర్-10) | 1.67 | 31 | 1.37 | ఆకారం సడలేది 100 డిగ్రీల దగ్గర | అబ్బే తక్కువ |
| 1.67 (ఎంఆర్-7) | 1.67 | 31 | 1.35 | రంగు బాగా పడుతుంది | 85కే సడలుతుంది |
| 1.74 | 1.74 | 32 | 1.47 | సన్నదనం తప్ప ఏమీ లేదు | 78కే సడలుతుంది |

## ఒక్కొక్కటిగా

గాజు. వేడి ఒక్కటే చూసుకుంటే గాజుకు పోటీ లేదు. పైన చెప్పిన లెక్కలో గాజు లెన్సు పెరిగేది 0.02 మిల్లీమీటరు మాత్రమే. పైగా గాజుకు కోటింగ్ వేసేటప్పుడు దాన్నే 200 డిగ్రీలకు పైగా వేడి చేసి వేయొచ్చు కాబట్టి పొర గట్టిగా అతుక్కుంటుంది. ప్లాస్టిక్‌తో ఆ పని కుదరదు. చల్లటి ఛాంబర్‌లోనే వేయాలి. అయినా గాజును అందరికీ చెప్పలేం. బరువు ఫైబర్‌కు దాదాపు రెండింతలు, చెమట పట్టిన ముక్కు మీద జారుతూనే ఉంటుంది. దెబ్బ తగిలితే పెంకులవుతుంది. బండి నడిపేవారు, పిల్లలు దీని జోలికి పోకూడదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: వెల్డింగ్, గ్రైండింగ్ రవ్వలు గాజుకు తగిలితే అక్కడే కరిగి అతుక్కుని గుంట పెడతాయి. ప్లాస్టిక్ మీద పడిన రవ్వ చాలావరకు ఎగిరిపోతుంది. గాజు గట్టిది కదా అని వర్క్‌షాపుకు గాజు అద్దాలు కొనడం రెండు విధాలా నష్టం.

సీఆర్-39. షాపువాళ్లు "ఫైబర్" అనేది దీన్నే. అమెరికాలో 1940లో తయారైన కొలంబియా రెసిన్ వరసలో 39వది, పేరు అలా వచ్చింది. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగని రకం ప్లాస్టిక్ ఇది. గీతలు పడకుండా వేసే హార్డ్ కోటింగ్ మాత్రమే వేయించుకుంటే మన ఎండల్లో దీనంత నమ్మకమైనది, చవకైనది ఇంకోటి లేదు. చిక్కంతా దాని మీద ఏఆర్ వేసినప్పుడే. పట్టికలోని ప్లాస్టిక్‌లలో వేడికి ఎక్కువగా సాగే స్వభావం దీనిది. ఏఆర్ కావాలంటే కింద మంచి హార్డ్ కోటింగ్ తప్పనిసరిగా ఉండాలి. కొన్ని మైక్రాన్ల మందంతో ఉండే ఆ వార్నిష్‌లాంటి పొర లెన్సుకూ, పైన గాజులాంటి పొరకూ నడుమ మెత్తగా సర్దుకుంటుంది. చవక లెన్సుల్లో దీన్నే ఎగ్గొడతారు. "ఏఆర్ కూడా వచ్చేస్తుంది సార్, అదే రేటు" అని ఎవరైనా అంటే అనుమానించాల్సింది ఇక్కడే.

పాలీకార్బొనేట్. పిల్లలకు, బైకు వాళ్లకు షాపుల్లో చెప్పేది ఇదే, అది సరైన సలహాయే. వేడిలో సాగడం ఫైబర్‌లో మూడింట రెండు వంతులే. పైన మన లెక్కలో 0.15 మిల్లీమీటరు. అందువల్ల ఏఆర్ మీద ఒత్తిడి కొంత తక్కువ. పదార్థం మెత్తన కాబట్టి రెండు వైపులా హార్డ్ కోటింగ్ లేకుండా దీన్ని అమ్మరు. దీనికి వేడికన్నా పెద్ద శత్రువు రసాయనాలు. నెయిల్ పాలిష్ రిమూవర్, పెయింట్ థిన్నర్ తగిలితే క్షణాల్లో తెల్లగా పొక్కిపోతుంది. వేడెక్కిన పాలీ లెన్సు మీద ఆ ఆవిరి పడినా ముప్పే. పెయింటింగ్, ఫర్నిచర్ పాలిష్ పని చేసేవాళ్లు వద్దనుకోవడం మంచిది.

ట్రైవెక్స్. పీపీజీ కంపెనీ 2001లో కళ్లద్దాలకు తెచ్చిన ఈ పదార్థం మన ఊళ్లలో ఇంకా అన్ని షాపుల్లో ఉండదు, అడిగి తెప్పించుకోవాలి. పట్టికలో అన్నిటికన్నా తేలిక ఇదే. దెబ్బకు పాలీలాగే ఆగుతుంది, చూపు పాలీకన్నా శుభ్రంగా ఉంటుంది. రిమ్‌లెస్ ఫ్రేముల్లో లెన్సుకు రంధ్రాలు చేసి స్క్రూలు బిగిస్తారు కదా, ఎండలో లెన్సు సాగి ముడుచుకునే ప్రతిసారీ ఆ రంధ్రాల అంచుల మీద ఒత్తిడి పడుతుంది. ఫైబర్ అక్కడ అంచు రాలుతుంది. ట్రైవెక్స్ ఆ ఒత్తిడిని భరిస్తుంది. రిమ్‌లెస్ ఇష్టపడేవారికి, పవర్ 3 లోపు ఉంటే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. మైనస్ 5 దాటితే మందం కనిపిస్తుంది.

1.60. సన్నదనానికీ మన్నికకూ మధ్య కుదిరిన బేరం ఇది. ఈ తరగతిలో ఎక్కువగా వాడేది జపాన్‌కు చెందిన మిట్సుయి కెమికల్స్ తయారుచేసే ఎంఆర్-8. దీని ఆకారం సడలడం 118 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, హై ఇండెక్స్ రకాల్లో ఇదే ఎక్కువ. అబ్బే 41. మైనస్ 2 నుంచి 6 మధ్య ఉన్న చాలామందికి మా సిఫార్సు ఇదే. ఇందులో లేనిదల్లా "అన్నిటికన్నా సన్న" అనే మాట ఒక్కటే.

1.67. ఇక్కడే కొనేవాళ్లు మోసపోయేది, అదీ ఎవరూ అబద్ధం చెప్పకుండానే. డబ్బా మీద 1.67 అని ఉంటుంది, రేటు ఒకటే, కానీ లోపల పదార్థం రెండు రకాలు. ఎంఆర్-10 అయితే 100 డిగ్రీల వరకు ఆకారం నిలబెట్టుకుంటుంది, ఎంఆర్-7 అయితే 85 వరకే. రంగు అద్దాలకు ఎంఆర్-7 బాగా కుదురుతుంది, రంగు అక్కర్లేని కళ్లజోడుకు మన వాతావరణంలో ఎంఆర్-10 తీసుకోవాలి. ఆర్డరు పెట్టేటప్పుడే "ఎంఆర్-10 అయితేనే" అని చెప్పి, ల్యాబ్ కవరు మీద ఏముందో చూపించమనండి. షాపువాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు. ల్యాబ్‌కు ఒక ఫోన్ చేస్తే తెలుస్తుంది.

1.74. అన్నిటికన్నా సన్న, అన్నిటికన్నా ఖరీదు, వేడికి అన్నిటికన్నా సున్నితం. 78 డిగ్రీలకే సడలడం మొదలయ్యే పదార్థాన్ని 69 డిగ్రీల డ్యాష్‌బోర్డు మీద పెట్టడం ఎంత దగ్గరి జూదమో వేరే చెప్పనక్కర్లేదు. పైన కోటింగ్ అంతకు ముందే పోతుంది. అంత ఖర్చుకు దక్కేదేమిటో కూడా చూద్దాం. మైనస్ 8 పవర్, గుండ్రటి 50 మిల్లీమీటర్ల ఫ్రేము, కంటిపాప సరిగ్గా నడుమ ఉందనుకుందాం. నడిమి మందం పైన అంచు దగ్గర అదనంగా వచ్చే మందం 1.67లో సుమారు 3.7 మిల్లీమీటర్లు, 1.74లో 3.4. తేడా మిల్లీమీటరులో మూడో వంతు. అదే 1.67 లెన్సును 44 మిల్లీమీటర్ల ఫ్రేములో పెడితే అంచు 2.9కి దిగుతుంది. అంటే చిన్న ఫ్రేము ఎంచుకోవడం 1.74 కొనడంకన్నా రెండింతలకు పైగా పని చేస్తుంది, అదీ పైసా అదనం లేకుండా. మైనస్ 9, 10 దాటినవారికి, కళ్లజోడు ముఖం మీద నుంచి తీయనివారికి మాత్రమే 1.74.

## రంగు మారే అద్దాలు, పోలరైజ్డ్ అద్దాలు

ఎండలో నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు కొనేవారు ఒక సంగతి తెలుసుకుని కొనాలి. అతినీలలోహిత కిరణాలు వాటిని నల్లబరుస్తాయి, వేడి తెల్లబరుస్తుంది. రెండూ ఒకేసారి నడుస్తుంటాయి. అందుకే డిసెంబరులో లంబసింగి చలిలో చిక్కగా నల్లబడే అద్దమే మే నెలలో ఖమ్మం నడిరోడ్డు మీద ఓ మోస్తరుగానే నల్లబడుతుంది. అది లోపం కాదు, దాని పని తీరే అంత. ఈ అద్దాల ప్రమాణ పరీక్షల్లోనూ 5, 23, 35 డిగ్రీల దగ్గర విడివిడిగా చూస్తారు. ఇక కారు ముందద్దం అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి డ్రైవింగ్ సీట్లో ఇవి దాదాపు నల్లబడవు. కారు కోసమే అయితే విడిగా చలువద్దాలు కొనుక్కోవడం నయం.

మెరుపును తగ్గించే పోలరైజ్డ్ అద్దాల నడుమ సన్నటి ఫిల్మ్ ఉంటుంది. చవక రకాల్లో దాన్ని రెండు పలకల మధ్య అతికిస్తారు. కారులో మరిగితే అంచుల దగ్గర ఆ అతుకు విడిపోయి బుడగలు లేస్తాయి. ముదురు రంగు అద్దాలు ఎండను పీల్చుకుని తెల్ల అద్దాలకన్నా ఎక్కువ వేడెక్కుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద పడేసేవి ఎక్కువగా ఇవే కదా.

బ్లూ కట్ గురించి వేడి కోణంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కోటింగ్ రూపంలో ఉన్న బ్లూ కట్ మామూలు ఏఆర్‌లాగే చిట్లుతుంది.

## ఎవరికి ఏది

కారు, క్యాబ్ నడిపేవారు. రాత్రి హెడ్‌లైట్ల ప్రతిబింబం తగ్గాలంటే ఏఆర్ కావాలి, పగలు కారులో వేడి ఆ ఏఆర్‌నే తినేస్తుంది. ఈ పేచీకి మధ్యేమార్గం 1.60 మీద మంచి ఏఆర్, ప్లాస్టిక్ లేదా ఫుల్ రిమ్ ఫ్రేము, బిగింపు మరీ గట్టిగా లేకుండా. దిగేటప్పుడు కళ్లజోడు జేబులోకి వెళ్లాలి. తప్పక కారులోనే వదలాల్సి వస్తే సీటు కింద పెట్టండి. ఎండ నేరుగా తగలని చోటు ఏదైనా డ్యాష్‌బోర్డుకన్నా మేలే. గట్టి డబ్బాలో ఉందిలే అని ధీమా వద్దు. డబ్బా వేడిని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. నాలుగు గంటల ఎండలో లోపలా బయటా ఒకటే.

బైకు, స్కూటీ వాళ్లు. పాలీ లేదా ట్రైవెక్స్. గాజు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ముఖం మీద ఉన్నంతసేపు 45 డిగ్రీల వడగాలి కోటింగ్‌ను ఏమీ చేయదు. సీటు కింది డిక్కీలో పెట్టినప్పుడే అసలు ప్రమాదం. పైన ఎండ, కింద ఇంజిన్ వేడి.

వంట చేసేవారు. ఇంట్లో పొయ్యి ముందు నిలబడితే లెన్సుకు ఏమీ కాదు. 200 డిగ్రీలు దాటిన ఓవెన్ తలుపు తీసి లోపలికి తొంగిచూడటం, దమ్ బిర్యానీ హండీ మూత తీసి ముఖం దగ్గర పెట్టడం, తందూరు మీదికి వంగడం, ఇవీ రోజుకు పదిసార్లు జరిగితే నష్టం చేసేవి. హోటల్ కిచెన్‌లో పనిచేసేవారికి ఏఆర్ దండగ. హార్డ్ కోటింగ్ మాత్రమే ఉన్న సీఆర్-39 విడిగా ఒక జత పెట్టుకోవడం తెలివైన పని. నూనె చిట్లే చోట అయితే పాలీ.

వెల్డింగ్, ఫౌండ్రీ, ఇటుక బట్టీ. ఇక్కడ పవర్ అద్దాలు రక్షణ అద్దాల పని చేయవు. మామూలు లెన్సుల్లో ఏదీ కొలిమి నుంచి వచ్చే పరారుణ వేడిని పెద్దగా ఆపదు. ఏళ్ల తరబడి అది సోకితే కంట్లో శుక్లం వచ్చే ముప్పు గాజు ఊదే పనివాళ్లలో చాలాకాలంగా తెలిసినదే. పవర్ అద్దాల మీద తగిన ఫిల్టర్ ఉన్న రక్షణ కవచం వేసుకోవాలి. కరిగిన లోహం చిందే చోట ఈఎన్ 166 అనే ఐరోపా రక్షణ అద్దాల ప్రమాణంలో 9 అంకె ముద్ర ఉన్నది చూసుకోండి. లోపల వేసుకునే పవర్ లెన్సు పాలీ అయితే చాలు.

కోస్తా ఉక్కపోత. విశాఖ, మచిలీపట్నం వైపు ఎండ తెలంగాణంత ఉండకపోయినా చెమట ఎక్కువ. ఇక్కడ నెర్రెలకన్నా పొర ఊడటం ఎక్కువగా కనిపిస్తుంది. అంచు దగ్గర మొదలై పెచ్చులుగా లేస్తుంది. ఉప్పు చెమట ఆరిపోయి అలాగే ఉండిపోకుండా సాయంత్రం మామూలు నీళ్లతో కడిగితే చాలావరకు ఆగుతుంది. వేడి నీళ్లు మాత్రం వద్దు. స్నానాల గదిలో కళ్లజోడు గీజరు కుళాయి కింద కడిగే అలవాటు చాలా అద్దాల ఆయుష్షు తీసేస్తుంది.

పిల్లలు. పాలీ లేదా ట్రైవెక్స్, ఏదో ఒకటి. ఏడాదిలోపు పవర్ మారుతుంది కాబట్టి ఖరీదైన కోటింగ్ జోలికి వెళ్లనక్కర్లేదు.

## షాపులో చూసుకోవాల్సినవి

ఫ్రేము బిగించేటప్పుడు, కాడలు వంచేటప్పుడు వేడి చేస్తారు. అసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫ్రేము 60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడుతుంది. హీటరు గాలి గానీ, వేడి గాజు పూసల పాత్ర గానీ దానికన్నా చాలా వేడిగా ఉంటుంది. లెన్సు తీయకుండా ఫ్రేమును ముందు భాగమంతా అందులో పెడితే కొత్త అద్దం షాపులోనే చిట్లుతుంది, మీకు మాత్రం నెల తర్వాత కనిపిస్తుంది. కాడ వంచాలంటే కాడను మాత్రమే వేడి చేయాలి. ముందు భాగం సరిచేయాలంటే లెన్సు తీసి చేయాలి. ఈ మాట మొహమాటం లేకుండా అడగండి.

తర్వాత బిగింపు. మెటల్ రిమ్ స్క్రూ బిగించాక లెన్సును వేలితో మెల్లగా తిప్పి చూస్తే కదలకూడదు, అలాగని స్క్రూ చివరి అరచుట్టు బలవంతంగా తిప్పాల్సి రాకూడదు. అంత బలం పట్టిందంటే లెన్సు కొలత ఎక్కువైనట్టే, అంచు కాస్త రుద్ది మళ్లీ పెట్టమనాలి.

బిల్లు మీద పదార్థం పేరు, కోటింగ్ పేరు, వారంటీ షరతులు రాయించుకోండి. వేడికి చిట్లితే వారంటీ సాధారణంగా వర్తించదు, తయారీ లోపం అయితేనే మారుస్తారు. ఏది ఏదో తేలేది గీతల తీరును బట్టి.

## గీతలు చూసి కారణం పట్టడం

అద్దం కడిగి ఆరబెట్టండి. ట్యూబ్‌లైట్ కింద నిలబడి, అద్దంలోంచి కాకుండా అద్దం మీద లైటు ప్రతిబింబం పడేలా పట్టుకుని మెల్లగా వంచి చూడండి.

రెండు అద్దాల మీదా అంతటా చిన్న చిన్న గడుల అల్లిక కనిపిస్తే వేడి తగిలింది. కారో, డిక్కీయో, వేడి నీళ్లో గుర్తు చేసుకోండి. ఒక అద్దంలోనే, అదీ స్క్రూ ఉన్న వైపు అంచు నుంచి లోపలికి గీతలు వెళ్తుంటే బిగింపు ఎక్కువైంది. గీతలన్నీ ఒకే దిశలో సమాంతరంగా ఉంటే లెన్సును ఎక్కించేటప్పుడు వంచారు. ఈ రెండు సందర్భాల్లో షాపువాళ్లతో మాట్లాడే హక్కు మీకుంది, అదీ కొన్న కొద్ది వారాల్లోపే. మరకలాంటి ముద్ద చుట్టూ మాత్రమే నెర్రెలు ఉంటే అక్కడ ఏదో రసాయనం చిందింది. వంకరటింకరగా, లోతు తేడాలతో ఉన్నవి మామూలు గీతలు. పొడి గుడ్డతో దుమ్ము మీదే తుడిచినందుకు వచ్చినవి.

నెర్రెలు వచ్చిన అద్దానికి పైన కొత్త కోటింగ్ వేయించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. కింది పొర పగిలి ఉన్నంతవరకు పైన ఏది వేసినా దాని మీదే పగులుతుంది. లెన్సు మార్చడమే దారి. ఫ్రేము బాగుంటే అదే ఫ్రేముకు కొత్త లెన్సులు వేయించుకోవచ్చు. అలా వేయించేటప్పుడు పాత లెన్సు కొలతనే గుడ్డిగా దించేయకుండా బిగింపు మళ్లీ చూసి చేయమనండి.